రెండు కిలోలు

పటాలం వాళ్ళ నియమం: పెట్టెకి రెండు కిలోలు.
దాటితే కౌంటర్లో నీల్దా తలెత్తకుండానే వెనక్కి నెడుతుంది.
పదిహేడేళ్ళుగా దురాస్నో ఊరి బెంగనంతా
గ్రాముల్లో చూసిన మనిషి.

అందుకే ముందు రాత్రి
పిండి తూచే తక్కెడ బల్ల మీదికి దించుతాను.
మాతే ఆకు ఒక కిలో. అందులో తగ్గించేది లేదు.
కాంగోలో టీ దొరుకుతుందట, కాఫీ దొరుకుతుందట,
ఈ చేదు దొరకదట.
మేజోళ్ళు మూడు జతలు. కాలివేళ్ళ సందుల్లోకి పౌడరు.
మెంబ్రిల్యో పండు ఉడికించి, గరిటె తిరగనన్నదాకా కలిపిన తీపి ముద్ద,
ఇటుక రంగు, ఇటుక బరువు.
నూట పది గ్రాములు ఎక్కువ.

టూత్‌పేస్టుకి అట్టపెట్టె ఎందుకని తీసేశాను.
మేజోళ్ళ చీటీలు కత్తిరించాను.
ముద్ద అంచు కోసి నోట్లో వేసుకున్నాను,
తమ్ముడి వాటాలో అక్క కోత ఎప్పుడూ ఉన్నదే.
ముల్లు మధ్యకొచ్చి నిలబడింది.
అప్పుడు గుర్తొచ్చింది, ఉత్తరం పెట్టలేదని.

ఒక కాగితం, రెండు వైపులా. ఐదు గ్రాములు.
ముద్ద ఇంకొంచెం కోశాను.
ఏరు వంతెన దాకా వచ్చి మనసు మార్చుకుందని రాశాను.
రఫాయేలా సైకిలు నేర్చిందని, మోకాలు చెక్కుకుపోయిందని.
అడుగున కాస్త చోటు మిగిలితే,
‘తీగ్రే బాగున్నాడు. నీ పాత బూట్ల మీదే పడుకుంటున్నాడు.’

తీగ్రేని ఏప్రిల్లో నిమ్మచెట్టు కింద పాతిపెట్టాం.
పలుగు దిగక, పక్కింటి ఎదిసన్ వచ్చి సాయం పట్టాడు.
అంత దూరాన తుపాకీతో నిలబడ్డవాడికి
కుక్క చచ్చిపోయిందన్న కబురు
ఏ తక్కెడలో పెట్టి తూచను?

పెట్టె మోంతెవిదెయోలో విమానం కోసం కాచుకుంది.
అది అక్కడికి చేరేసరికి
ఆబ్దోన్ ఇక్కడికి చేరాడు.
ఆకాశంలో ఎక్కడో ఎదురుపడే ఉంటారు,
పలకరించుకోకుండా.

వచ్చిన రోజు పెరడంతా తిరిగాడు.
నిమ్మచెట్టు దగ్గర ఆగాడు.
వాడు అడగలేదు. నేను చెప్పలేదు.
రాత్రుళ్ళు నడవాలో దీపం వెలుగుతూనే ఉండేది,
కరెంటు బిల్లు గురించి అమ్మ కూడా నోరెత్తలేదు.

ఆగస్టులో పెట్టె తిరిగొచ్చింది,
తడిసి, ఆరి, మూలలు నలిగి,
ఒంటినిండా ముద్రలు గుద్దించుకుని.
నీల్దా తానే తెచ్చి ఇచ్చింది.
‘తూచాను,’ అంది. ‘ఇరవై గ్రాములు పెరిగింది.’

వాడు ఇంట్లో తెరవలేదు.
పెరట్లో నేల మీద, గోడకి వీపు ఆన్చి,
గేటు కనబడే వైపు కూర్చుని,
తాడు కోయకుండా ముడి విప్పాడు.
మేజోళ్ళు లెక్కపెట్టాడు.
ముద్దకి కోసిన అంచు చూసి, నా వైపు చూశాడు.
ఉత్తరం చదివాడు. తిప్పాడు.
చివరికొచ్చి ఆగిపోయాడు.
నేను గుమ్మంలో, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో.

‘బూట్ల మీదేనా?’ అన్నాడు.
‘ఎడమ బూటు మీద,’ అన్నాను, ఎందుకో.

పాత మడతల్లోనే మడిచి జేబులో పెట్టుకున్నాడు.
‘నేను మాత్రం రాయలేదా అక్కా,
ఇక్కడేం లేదు, నీళ్ళ ట్యాంకుకి కాపలా, అంతే అని.’

ఆకు మనదే, వాసన మాత్రం ఏదో గోదాముది.
సొరకాయ బుర్రలో పోసి, తడిపి, నీళ్ళు వంచాడు.
మొదటి గుక్క వాడిది, పోసేవాడిదే కదా మొదటిది.
రెండోది నాకిచ్చాడు.
తీపి ముద్ద రాయైపోయింది.
కొరకడానికి చాలాసేపు పట్టింది,
ఆ చాలాసేపూ ఇద్దరం అక్కడే కూర్చున్నాం.